ఆచే గడియారం

బండా ఆచే నుంచి బయలుదేరిన జుల్‌ఫద్లి మకస్సార్ విమానాశ్రయంలో ఫోను చెవికి ఆనించుకుని నిలబడి ఉన్నాడు. అవతల జయపురలో నూరాసియా, అతనితో విడాకులై పదకొండేళ్లు.

“విమానం పోయిందా? ఎలా పోయింది? నీ కళ్లముందే?”

“కళ్లముందు కాదు. సూపు తాగుతున్నా.”

“ఓహో. బావుందా సూపు?”

“వెటకారం తర్వాత, నూరాసియా. విమానం ఐదింటికి. నా గడియారంలో నాలుగే. ఇంకా గంట ఉంది కదా అని…”

“ఆ గడియారంలో ఏ ఊరి టైము?”

“…ఆచేది.”

“మకస్సార్ గంట ముందుంటుందని ఎవరూ చెప్పలేదా?”

“చెప్పే ఉంటారు. విమానంలో నిద్రపోయా.”

“పోనీ, తెల్లవారుజాము ఫజర్ అజాన్ వినపడలేదా?”

“వినపడింది. మూడుముప్పావుకే ఇచ్చేశారు. ఈ ఊళ్లో ఎంత భక్తో అనుకున్నా.”

“అవును మరి! మసీదులన్నీ తప్పు, నీ గడియారం ఒక్కటే ఒప్పు. విమానంవాళ్లు పేరు పెట్టి పిలవలేదా?”

“పిలిచారు, మూడుసార్లు. ఎవడో పాపం, నా పేరువాడే, ఆలస్యం చేసుకున్నాడనుకున్నా.”

“యా అల్లా!”

“కంగారు పడకు. రేపు ఐదింటికి ఇంకోటుంది. మూడున్నర గంటలేగా, ఎనిమిదిన్నరకి దిగిపోతా. అమ్మాయి నిఖా ఎనిమిదికి. అరగంట ఖాజీగారికి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టు.”

“జయపుర ఇంకో గంట ముందు, మహానుభావా. నువ్వు దిగేసరికి తొమ్మిదిన్నర.”

“మళ్లీ ఇంకో గంటా?”

“ఐదు వేల కిలోమీటర్లు! సూర్యుడు నీకోసం ఆగుతాడనుకున్నావా? మన పెళ్లికి పక్కవీధి నుంచి రెండు గంటలు ఆలస్యంగా వచ్చావు. ఆ లెక్కన నువ్వు వచ్చే రంజాన్‌కి చేరాలి.”

“అప్పుడు వాన పడింది.”

“మీ వీధిలోనే పడిందా?”

“…ఇప్పుడేం చేద్దాం?”

“చేసేదేముంది? ఫోన్లోనే ఖాజీగారికి అనుమతి ఇచ్చెయ్. నీ బదులు ఆయనే పిల్లని అప్పగిస్తారు.”

“వద్దు.”

“వద్దంటే?”

“పదకొండేళ్లు ముతియాకి ఫోన్లోనే తండ్రిగా ఉన్నా. ఇది కూడా ఫోన్లోనేనా? పెళ్లికొడుకు చెయ్యి నా చేత్తో పట్టుకుని నేనే అప్పగించాలి. ఒక్కరోజు ఆపలేవా?”

“రెండొందల మందికి భోజనాలు. వాళ్లకేం చెప్పను, పిల్ల తండ్రి సూపు తాగుతున్నాడనా?”

“…”

“ఏడుస్తున్నావా?”

“లేదు. సూపు కారంగా ఉంది.”

“అదెప్పుడో అయిపోయుంటుంది. జుల్‌ఫద్లీ.”

“ఊఁ.”

“నిఖా రేపు కాదు. ఎల్లుండి.”

“ఏంటీ? కార్డులో రేపనేగా ఉంది!”

“ఆ కార్డు నీ ఒక్కడికోసమే అచ్చు వేయించాం.”

“నా మీద అంత నమ్మకం లేదా నీకు?”

“నాకైతే నువ్వసలు వస్తావనే నమ్మకం లేదు. వేయించింది నీ కూతురు. ‘నాన్న ఒక్క విమానమైనా పోగొట్టుకుంటాడు, కానీ వస్తాడమ్మా’ అంది.”