గోల్ కొట్టని మా గోడక్క

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, మా జట్టు అమ్మాయిలకు, ఇంత వానలోనూ వచ్చి ఈ క్లబ్బు హాలు నింపిన మీ అందరికీ నమస్కారం. నాకు మాట్లాడటం రాదు. గోల్‌కీపర్‌ని కదా, అరవడం వచ్చు. (నవ్వులు)

ఈ రోజుతో హాకీకి వీడ్కోలు చెబుతున్న మా డిఫెండర్‌ని మేమంతా గోడక్క అంటాం. మీరంతా ఆవిడ ఆటను గ్యాలరీ నుంచి చూశారు. నేను మాత్రం వెనక నిలబడి ఇన్నేళ్లూ ఆవిడ వీపే చూశాను. ఆ వీపు ఎటు తిరిగితే ప్రమాదం అటు ఉందని తెలుసుకునేదాన్ని.

కిందటేడు పెద్ద టోర్నమెంటుకు ముందు సెలక్షన్ కమిటీవాళ్లు అక్కను పక్కన పెట్టాలనుకున్నారు. అదిగో, అక్కడ తల దించుకుంటున్నారే, ఆటలో ఎవరేం చేశారో అంకెల్లో రాసే మా జట్టు లెక్కల సారు... లేవకండి సార్, కూర్చోండి (నవ్వులు)... ఆయన కంప్యూటరు చూసి, "గోల్స్ లేవు, బంతి లాక్కున్నదీ తక్కువే. జట్టులో అందరికంటే అడుగున ఉంది" అన్నారు. అంకెలు అబద్ధాలు కావు.  తర్వాతి మ్యాచ్‌లో అక్క బెంచీ మీద కూర్చుని మాకు నీళ్లసీసాలు అందించింది. "బాధగా ఉందా అక్కా?" అంటే, "ఆట మీద ధ్యాస పెట్టవే" అంది. 

ఆ మ్యాచ్‌లో కుడి నుంచి బంతి, ఎడమ నుంచి బంతి, నాకు ఊపిరి పీల్చుకునే సందు లేదు. ఆపాను, ఆపాను, చివరికి ఆపలేకపోయాను. ఓడిపోయాం. అయినా లెక్కల్లో నాదే మొదటి స్థానం! సారు మురిసిపోతూ వచ్చి, "నీ జీవితంలోనే బెస్ట్ మ్యాచమ్మా ఇది!" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ప్యాడ్లు కూడా విప్పకుండా సెలక్షన్ కమిటీ గదిలోకి వెళ్లాను.

"అక్క ఉంటే నాకింత పని పడేదా సార్? ఆవిడ నిలబడ్డ వైపుకి అవతలివాళ్లు బంతే తీసుకురారు. రాని బంతిని ఎవరు లాక్కుంటారు? ఒక్కసారి నా గోల్ వెనక నిలబడి చూడండి" అన్నాను. అన్నానే గానీ, నా చోటు కూడా పోతుందేమోనని భయపడ్డాను.

లెక్కల సారు మంచితనం చెప్పాలి. మర్నాడు ప్రాక్టీసులో అక్కను మైదానంలోకి దింపించి, తానే వచ్చి వల వెనక నిలబడ్డారు. దూసుకొచ్చిన ఫార్వర్డు అక్కను చూసి పక్కకు తిరగడం, అక్కడ ఇరుక్కుపోవడం, మళ్లీ ఇంకొకరు, మళ్లీ అదే! చాలాసేపు చూసి, "దీన్ని నేనెక్కడ రాయాలమ్మా?" అన్నారు. ఆయన పట్టికలో దానికి గడి లేదు. కానీ కమిటీ దగ్గర అక్క కోసం గట్టిగా వాదించింది ఆయనే. ఆ టోర్నమెంటు ఫైనల్లో నాకు దాదాపు పనే లేదు. కప్పు ఇదిగో, ఈ బల్ల మీదే ఉంది. (చప్పట్లు)

ఇక అక్కవాళ్ల అమ్మగారికి ఒక మాట. అమ్మా, ఇందాక వరండాలో గొడుగు మడుస్తూ, "మా పిల్ల ఒక్క గోలూ కొట్టలేదు, చుట్టాలకు ఏం చెప్పుకోనే?" అన్నారు. (నవ్వులు) ఈసారి ఎవరడిగినా నా దగ్గరికి పంపండి. అవతలివాళ్లు కొట్టలేకపోయిన గోల్స్ అన్నీ మీ అమ్మాయివేనని నేను చెబుతాను.

ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక సెలవు తీసుకుంటాను.