కంటి పరీక్షలో అందరూ పాస్

బడిలో ప్రధానోపాధ్యాయురాలి గది. పిల్లల కళ్ళు పరీక్షించడానికి వచ్చిన నర్సు ఆమెకు స్వయానా ఆడపడుచు.

“అంటే, ఒక్కరికీ కళ్ళజోడు అక్కర్లేదంటావా వదినా?”

“అక్కర్లేకపోతే నీకేం బాధ? మా పిల్లల కళ్ళు బాగున్నాయని ఏడుస్తున్నావా ఏంటి?”

“ఏడవడం లేదు, ఆశ్చర్యపోతున్నా. చార్టులో ఆ చివరి వరుస సన్నక్షరాలు నాకే సరిగ్గా కనిపించవు. మీవాళ్ళు పాట పాడినట్టు పాడేశారు.”

“చురుకైన పిల్లలు మరి.”

“చురుకే. ఒకడైతే కిటికీలోంచి బయటికి చూస్తూ చదివేశాడు.”

“వాడంతే. వాడికి కాస్త...”

“వదినా.”

“ఏంటే?”

“నా మొహం చూసి చెప్పు. ఆ చార్టు ముందే నేర్పించేశావు కదూ?”

“నేర్పించక? మీ ఆరోగ్య శాఖవాళ్ళు నెల ముందే పంపి, తరగతి గోడకి తగిలించమన్నారు. గోడ మీదున్నదంతా పిల్లలకి నోటికి రావాలని మా విద్యాశాఖవాళ్ళ ఆర్డరు. తనిఖీకి వచ్చినాయన అడిగితే పిల్లలు నీళ్ళు నమలాలా?”

“అమ్మ బాబోయ్! కంటి చార్టుని ఎక్కాల్లా బట్టీ పట్టించావా?”

“రెండు శాఖలూ కలిసి పనిచేయాలని చెబితే మీటింగులో చప్పట్లు కొట్టింది నువ్వే కదా!”

“కొట్టాను తల్లీ. ఇలా కలుస్తామని తెలిస్తే చేతులు కట్టుకుని కూర్చునేదాన్ని.”

“నవ్వకు, నవ్వకు. బయటికి వినిపిస్తుంది.”

“సరే, నవ్వను. కళ్ళ డాక్టరుగారు పక్కగదిలో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నారు. సాయంత్రం వెళ్ళిపోతే మళ్ళీ వచ్చే ఏడే. వేరే చార్టు తెచ్చాను, అందరికీ మళ్ళీ చూద్దాం.”

“అందరూ పాసని పై ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పేశానే! మెచ్చుకున్నారు కూడా. ఇప్పుడు మాట మారిస్తే నా పరువేం కాను?”

“నీ పరువుకేం, అది కళ్ళజోడు లేకుండా బతికేస్తుంది. పిల్లల మాట చూడు. కావాలంటే తప్పంతా మా శాఖదే అని చెప్పు.”

“అప్పుడు చీవాట్లు నీకు పడవా?”

“ఆడపడుచుకి చీవాట్లంటే ఏ వదినకి చేదు?”

“నోరు మాత్రం తగ్గలేదు. అయినా, ఎవరికో కనిపించడం లేదని నీకేంటంత నమ్మకం?”

“భోజనాల వేళ వేరే చార్టు పెట్టి కొంతమందిని చూశాను. నిన్నడక్కుండానే.”

“చూశావూ? నా బడిలో, నాకు చెప్పకుండా?”

“తర్వాత తిట్టు, కూర్చుని వింటాను. ఒకరికి పైనున్న పెద్దక్షరం కూడా కనిపించలేదు.”

“ఎవరికి? ఆ చివరి బెంచీ మూకలో ఎవడో అయ్యుంటాడు. బోర్డు మీద ఒకటి రాస్తే పుస్తకంలో ఇంకోటి దించుతారు. ఒళ్ళు బద్ధకమనుకుని రోజూ తిడుతున్నా.”

“చివరి బెంచీయే. బద్ధకం కాదు.”

“అయితే పేరు చెప్పవేం? మన చిన్నదీ అక్కడే కూర్చుంటుంది. సొంత కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుందంటారని నేనే వెనక్కి పంపాను. దాన్నడిగితే చెప్తుంది.”

“అడిగాను.”

“ఏమంది?”

“‘ఇంట్లో అమ్మకి మొహం ఉంటుంది, బోర్డు దగ్గర ఉండదత్తా’ అంది.”