తొమ్మిదిసార్లు ఫలించిన జోస్యం

సభను నడిపిస్తున్న డాక్టరు గారికీ (కొత్తవాళ్ళ కోసం చెబుతున్నాను, ఈయన పళ్ళ డాక్టరు, మన సంఘంలో ఎవరు ఎంతసేపు నోరు తెరిచి ఉంచగలరో ఈయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు), ముందు వరసలో సర్దుకుని కూర్చున్న పెద్దలకూ, వెనక వరసలో లేచి పోవడానికి వీలుగా తలుపు పక్కనే కూర్చున్న మిత్రులకూ నమస్కారం.

పదిహేనేళ్ళు ఈ సినిమా అభిమానుల సంఘానికి కార్యదర్శిగా ఉండి ఈ రోజు దిగిపోతున్నాను. నాకంటే ముందు మాట్లాడిన నలుగురూ నన్ను ఆకాశానికెత్తేశారు. ఇన్ని మంచి మాటలు సాధారణంగా మనిషి పోయాక గానీ అనరు కాబట్టి, మధ్యలో ఒకసారి నాడి కూడా చూసుకున్నాను. (నవ్వులు) అందరూ మెచ్చుకున్నది మాత్రం ఒకటే విషయం. ఏటా అవార్డుల ప్రకటనకు వారం ముందు మనమందరం ఏ సినిమాకు ఏది వస్తుందో చీటీ రాసి కవర్లో పెడతాం కదా, ఆ పోటీలో పన్నెండేళ్ళలో తొమ్మిదిసార్లు కప్పు నాదే. అందుకే ఆ కప్పును ఇవాళ నాకు శాశ్వతంగా ఇచ్చేశారు. ఎలా గెలిచానో చెప్పమని, ఏ సినిమాకైనా ఫ్రేముల గురించే మాట్లాడతారని మనం ఫ్రేము గారని పిలుచుకునే ఈ మిత్రుడు చాలా ఏళ్ళుగా అడుగుతున్నారు. చెబుతాను. కానీ ముందు ఇంకో ముక్క.

ఈ హాల్లో పదిహేనేళ్ళుగా 'ఏడాది మేటి చిత్రాల చర్చ' పేరుతో జరిగేదాన్ని నేను చర్చ అనను. సినిమా చూసి 'నాకు నచ్చింది' అన్న మనిషి ఒక్కరు కూడా నాకు ఇక్కడ కనబడలేదు. 'జ్యూరీ దీన్ని వదలదు' అంటారు, 'ఈ ఏడు గాలి అటు వీస్తోంది' అంటారు. కంచం ముందు కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, ఇది పక్కింటాయనకు రుచిగా ఉంటుందా అని ఆలోచించేవాణ్ణి మీరెక్కడైనా చూశారా? నేను చూశాను, ప్రతి నెలా మొదటి ఆదివారం, నలభై మందిని. ఎవరో ఒకరు పత్రికలో చదివిన వాక్యాన్ని సొంత వాక్యంలా దించుతారు, మిగతావాళ్ళు గొర్రెదాటుగా తలలూపుతారు, తర్వాత టీ బిస్కట్ల దాకా కోడిగుడ్డు మీద ఈకలు పీకుతాం. ఫ్రేము గారూ, మీరు నవ్వుతున్నారు, ప్రతి ఫ్రేమూ ఒక వర్ణచిత్రమని మీరు పొగిడిన సినిమా మొదటి గంటసేపు మీరు నా భుజం మీద నిద్రపోయారు. నా చొక్కా సాక్ష్యం. (నవ్వులు)

సరే, నా జోస్యం రహస్యానికి వస్తాను. అది నాది కాదు, మా ఆవిడది.

మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీలో రోజంతా నిలబడి వచ్చి, కాళ్ళు పీకుతున్నా నాతో సినిమాకు వచ్చేది. ఇంటికొచ్చాక నేను అమాయకంగా మొహం పెట్టి 'ఎలా ఉంది?' అని అడిగేవాణ్ణి. పోటీ కోసం సినిమాల పేర్లు రాసుకునే నా పుస్తకంలో ఆవిడకు నచ్చిన సినిమాను కొట్టేసేవాణ్ణి. ఎందుకంటే ఆవిడకు నచ్చినదానికి ఒక్కసారైనా అవార్డు రాలేదు. 'తలనొప్పి మాత్ర ఉందా?' అని అడిగితే అది ఉత్తమ చిత్రం. నిద్రపోతే ఉత్తమ ఛాయాగ్రహణం. 'ఆ మనిషికి ఏమైంది, అలా చూస్తూ కూర్చున్నాడు?' అంటే ఉత్తమ నటుడు. ఇంతే నా శాస్త్రం. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆవిడ తలనొప్పులతో నేను తొమ్మిదిసార్లు కప్పు తెచ్చుకున్నాను. (నవ్వులు)

నవ్వండి. నేనూ నవ్వాను, అదే చెప్పబోతున్నాను.

ఆరేళ్ళ కింద ఒక చర్చకు ఆవిడ కూడా వచ్చింది, పాతవాళ్ళకు గుర్తుండాలి. ఆ ఏడాది అందరం నెత్తిన పెట్టుకున్న సినిమాలో మంచం మీదున్న తల్లి, ఆమె కోసం ప్రాణమిస్తానని మాట్లాడే కొడుకు. మనం రెండు గంటలు రంగుల గురించి, నీడల గురించి దంచాక ఆవిడ చెయ్యెత్తింది. "తల్లికి సూది వేస్తున్నప్పుడు ఆ కొడుకు కిటికీ వైపు తిరిగాడు, చెయ్యి పట్టుకోలేదు. అలాంటి కొడుకుల్ని నేను రోజూ చూస్తాను. తీసినాయన ఎక్కడ చూశాడో గానీ సరిగ్గా చూశాడండీ" అంది. ఫ్రేము గారు "అమ్మా, ఇది వార్డు కాదు" అన్నారు. హాలంతా నవ్వింది. ఫ్రేము గారూ, తల దించుకోకండి, మీరు ఊరికే అన్నారు, ముందు నవ్వింది నేను. ఈ హాల్లో పదిహేనేళ్ళలో ఎవరైనా సినిమాను చూసి మాట్లాడిన మాట అదొక్కటే. దానికి నేను నవ్వాను.

(మంచినీళ్ళు తాగి)

ఆవిడ మళ్ళీ ఇటు రాలేదు. నాతో సినిమాలకు మాత్రం వచ్చేది, అడిగితే చెప్పేది. పోయిన నెల జిగురు సీసా కోసం నా బల్ల సొరుగు తీసి ఆ పుస్తకం చూసింది. పన్నెండేళ్ళ పేజీలు. ప్రతి పేజీలోనూ ఎర్ర సిరాతో కొట్టేసిన పేర్లు, పక్కన నా చేతిరాతలో 'ఆమెకు నచ్చింది'. నేను స్నానం చేసి వచ్చేసరికి ఇంకా పేజీలు తిప్పుతూనే ఉంది.

"నా మాటకు విలువిచ్చి అడుగుతున్నారనుకున్నానండీ" అంది. "ఎవరితోనూ ఇంతసేపు మాట్లాడను నేను. మీరు అడుగుతారని దారంతా గుర్తుపెట్టుకుని వచ్చేదాన్ని."

"ఇకమీదట నా సినిమాలు నేను చూసుకుంటాను" అని పుస్తకం మూసి సొరుగులో పెట్టింది. అప్పటినుంచి ఇంట్లో కూరగాయల గురించీ కరెంటు గురించీ మాట్లాడుకుంటున్నాం.

పోయిన ఆదివారం మీరందరూ, ఒకే కుట్టుమిషను మీద బతుకుతూ ఒకరితో ఒకరు మాట్లాడని అక్కాచెల్లెళ్ళ సినిమాను నాలుగు నిమిషాల్లో 'అరిగిపోయిన కథ' అని మేటి చిత్రాల జాబితాలోంచి తీసేశారు. తీసేయాలని చేతులెత్తినవాళ్ళలో దాన్ని చూసినవాళ్ళు ముగ్గురు. లెక్కపెట్టింది నేనే. నేను చూడలేదు, అయినా నేనూ చెయ్యెత్తాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడు కనీసం కుందేలునైనా పట్టుకుంటాడు, మనం అదీ చేయలేదు.

డాక్టరు గారూ, ఈ ఏడాది నా కవరు తెరిస్తే తెల్ల కాగితం ఉంటుంది. ఈ కప్పు కూడా ఈ బల్ల మీదే ఉంచి వెళ్తున్నాను, దాన్ని ఆవిడ కళ్ళ ముందు పెట్టే మొహం నాకు లేదు. కొత్త కార్యదర్శి గారికి ఒకటే మనవి. ఎవరైనా చెయ్యెత్తి తనకు కనబడింది చెబితే, నవ్వే ముందు ఆ సినిమాను ఇంకోసారి చూడండి.

మా ఆవిడ ఇవాళ రాలేదేమని ఇందాకటి నుంచి ముగ్గురు అడిగారు. ఆవిడ రెండు వీధుల అవతల మ్యాట్నీలో ఉంది, ఆ కుట్టుమిషను సినిమాకు ఈ రోజే ఆఖరు. ఇప్పుడు బయల్దేరితే విశ్రాంతి వేళకు అందుకుంటాను. పక్క సీటు ఖాళీగా ఉంటే, కూర్చోనిస్తే, కూర్చుంటాను. ఎలా ఉందని ఆవిడను అడగను. ఆవిడ నన్ను అడిగితే మాత్రం నాకు నచ్చిందో లేదో చెప్పాలి. పదిహేనేళ్ళుగా ఆ పని చేయలేదు, చేతనవుతుందో లేదో తెలియదు.

ఇంతసేపు ఓపిగ్గా తిట్లు తిన్నందుకు మీకందరికీ కృతజ్ఞతలు. టీకి ఆగను. సెలవు.