కండ్లతోని చెప్పిన మసాల

అట్ల మొఖం తిప్పుకుంటె నేను ఊకుంటనా అత్తమ్మా? నోరు తెరువు, బువ్వ సల్లారిపోతది. చేసేదంత చేసి, ఇప్పుడు ఏమెరుగనట్టు గోడ దిక్కు చూస్తె అయిపోయిందా?

ఈ యెల్లారెడ్డి ఊరికి కోడలుగ వచ్చినప్పటి సంది నన్ను పొయ్యి కాడికి రానిచ్చినవా? మసాల ఏంచేటప్పుడె నీకు నా బీడీలు యాదికొస్తుండె. "సుష్మితా, ఆకు ఎండిపోతుంది, పోయి చుట్టుకో పో" అంటుంటివి. ఆకు మీద ఎంత ప్రేమ. నువ్వు లోపట ఏంచుడు, నేను అరుగు మీద తుమ్ముడు. గట్ల నేర్చుకున్న నేను వంట.

మరి పక్షవాతమొచ్చి కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయినంక పొయ్యి నాకిచ్చినవ్. ఎంత పెద్ద మనసు.

నీ కొడుకేమన్న తక్కువనా? కామారెడ్డిల రైస్ మిల్లు పని చేసొచ్చి, నేను వండిన కూర నోట్లె వెట్టుకొని, "మంచిగనే ఉంది గని, అవ్వ చేసినట్టు లేదు" అంటడు. దుకాణం మసాల పొట్లం వేస్తె "హోటల్ కూర లెక్కుంది" అనె. అదే కూర హోటల్ల మాత్రం వేళ్లు నాక్కుంట తింటడు.

అందుకే గద నీ మంచం కాడికి పళ్లెం పట్టుకొచ్చిన. ధనియాలు, లవంగాలు, దాల్చినచెక్క, సాజీర, గసాలు, ఎండు కొబ్బరి. ఒక్కొక్కటి చూపెట్టి, "ఇంక వెయ్యాలంటె కండ్లు పెద్దగ తెరువు, వద్దంటె మూసుకో" అన్న. లవంగాలకు ఎంత పెద్దగ తెరిచినవ్ కండ్లు. పిచ్చిదాన్ని, అత్తమ్మకు నా మీద ప్రేమ, పావురం వచ్చిందనుకున్న. పిడికెడు వేసి దంచిన.

ఆ కూరకు నాలిక మొద్దువారింది. నీ కొడుకు నీళ్లు తాగి పండుకున్నడు. నోరు పడిపోయినా మసాల మాత్రం బయట పడనియ్యలేదు నువ్వు. గని ఒక ముచ్చట మరిచినవ్ అత్తమ్మా. ఆ కూరనె బువ్వల పిసికి నీకు తినపెట్టేది నేనె. పొద్దుగాల అదే, మాపటికి అదే, మల్ల పొద్దుగాల అదే. నీ కండ్లల్ల నీళ్లు కారుతుంటె ఏడుస్తున్నవేమో అనుకున్న. లవంగాల ఘాటు అది.

అప్పుడు దిగొచ్చినవ్. ఎడమ చెయ్యితోని రెండు లవంగాలు ఉంచి, మిగిలినయి నువ్వె అవుతలికి నూకినవ్. ధనియాల మీద చెయ్యి వెట్టి, పొయ్యి దిక్కు చూసి, మంట చిన్నగ పెట్టుమని వేళ్లు దగ్గరికి తెచ్చినవ్. ముందు ధనియాలు, వాసన లేసినంక చెక్క, లవంగం. పొయ్యి బంద్ చేసినంక ఆ వేడికె గసాలు. మాడితె ముక్కు చిట్లిస్తివి, సరిపోతె ఊకుంటివి. నువ్వు ఊకున్ననాడు నాకు పండుగ. మనిద్దరం అంత దగ్గర కూసున్నది మున్నెన్నడు లేదు.

మరి ఇయ్యాల ఏం చేసినవ్? పిట్లం నుంచి నీ బిడ్డ నాగవ్వ వచ్చె. మటన్ ముక్క నోట్లె వెట్టుకోంగనె, "ఇది అవ్వ మసాలనె. ఇంక మిగిలిందా బాలరాజూ?" అని కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నది. "ఉన్నట్టుంది అక్కా" అన్నడు నీ కొడుకు. రోట్ల దంచి చేతులు బొబ్బలెక్కిన మనిషి పక్కనె నిలవడ్డది, కనపడలేదు ఆయనకు.

"నువ్వు దంచిపెట్టిందేనా అవ్వా?" అని వదిన నిన్నె అడిగె. నేను నిన్నె చూస్తున్న. కాదని కండ్లు మూసుకుంటె అయిపోతుండె. ఇంత పెద్దగ తెరిచినవ్.

సరె తియ్యి. పేరు నీకె ఉండనీ. గిన్నెలు తోముకునేటోళ్లకు పేరు దేనికి?

వదిన పోయేటప్పుడు గిన్నె పట్టుకొని వంటింట్లకు వచ్చింది. "అవ్వ మసాల జెరంత వెయ్యి సుష్మితా. నాకు అవ్వ చేతిది ఇంకెక్కడ దొరుకుతది" అన్నది. డబ్బ నిండ ఉండె, నా ఎనుకనె.

అయిపోయింది వదినా అని చెప్పిన.