మూలమంచం పక్కన సన్నబల్ల

పెద్దలారా, పిన్ని చేత కర్టెన్లు కుట్టించుకున్న ఇరుగుపొరుగు అమ్మలారా, వార్డు నుంచి వచ్చిన స్నేహితురాళ్లారా, కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డవాళ్లారా! ఈ హాలు కిటికీలకున్న నీలం కర్టెన్లు కూడా ఆవిడ కుట్టినవే. ఇందాకటి నుంచి చూస్తున్నాను. గాలికి ఉబ్బుతున్నాయి, తగ్గుతున్నాయి. వాటి వెనక ఎవరో ఊపిరి తీస్తున్నట్టుంది. ఆ ఊపిరి ఇక లేదని ఒకరికొకరం చెప్పుకోవడానికే చేరాం. నేను ఆవిడ అక్క కూతురిని. ఒకచోట కుదురుగా ఉండలేను. "కడ్డీ లేని కర్టెన్‌వే నువ్వు" అనేది పిన్ని. ఆవిడ కోసం ఈ కాసేపు కదలకుండా నిలబడతాను.

క్యాన్సరని తెలిశాక పిన్ని మొదట అడిగిందేమిటో తెలుసా? ఎన్నాళ్లు బతుకుతానని కాదు. "రాత్రికి ఇంటికొచ్చేస్తానా?" అని. మందు నరంలోకి ఎక్కడానికి ఒక్క పూట చాలు. కానీ ఆవిడ ఇన్సూరెన్స్ పాలసీలో ఒక షరతు ఉంది. రాత్రి ఆసుపత్రిలో గడిపితేనే ఖర్చు ఇస్తారు. సాయంత్రానికే ఇంటికి వెళ్తే మందు ఖర్చంతా మన నెత్తిన. ఉండిపోతే పడక అద్దెలో, నర్సుల చార్జీల్లో వాటా మన నెత్తిన. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పిన్ని నవ్వేది. "మందు ఒంట్లోకి వెళ్తే చాలదట, తల వాళ్ల దిండు మీదికి కూడా వెళ్లాలట!"

మందు మత్తులో వార్డంతా నీళ్ల మీద తేలుతున్నట్టుండేదట. మంచాలన్నీ పడవలట. పొద్దున్నే ఒకరి కల ఒకరికి చెప్పుకునేవాళ్లు. ఒకరి కల సగంలో తెగిపోతే పక్క మంచం ఆమె పూర్తి చేసేది. వార్డంతా పెద్దమ్మ అని పిలిచే మూలమంచం ఆవిడ రిటైరైన టీచరు, ఒంటరి మనిషి. ఆవిడకు ఎప్పుడూ ఒకటే కల. తరగతి గదిలో పాఠం చెబుతుంటారు, పిల్లలెవరూ ఉండరు, బెంచీల మీద ఎండ మాత్రం కూర్చుని వింటూ ఉంటుంది. పిన్ని ఆ కలలోని కిటికీకి కూడా కొలతలు అడిగింది. "ఎండ ఎక్కువైతే చెప్పండి, తెర కుట్టిచ్చేస్తా" అంది.

తర్వాత పాలసీ మారింది. రెన్యువల్‌లో చడీచప్పుడు లేకుండా మారింది. ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. దిండు చంకన పెట్టుకుని అలవాటుగా వెళ్లడం, పడుకుని రావడం! ఒకరోజు ఆసుపత్రి ఇన్సూరెన్స్ కౌంటర్లో కూర్చునే అమ్మాయి పిన్నిని చూసి ఆశ్చర్యపోయింది. "మీకిప్పుడు రాత్రి ఉండక్కర్లేదు కదమ్మా!" కోపం రాదా మరి? బాబాయి కౌంటర్ బల్ల మీద గట్టిగా గుద్దాడు. పిన్ని మాత్రం సెలైన్ స్టాండు తోసుకుంటూ మంచం మంచానికీ వెళ్లింది. "మీదీ మారిందేమో కనుక్కోండర్రా!" చాలామందిది మారింది. ఆ సాయంత్రం పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకు చేరాయి. పడక అద్దె తప్పింది, మన వాటా తేలికైంది. పిన్ని ఇంటికొచ్చి తన కిటికీ కింద, తన మంచం మీద, చిన్నపిల్లలా ముడుచుకుని పడుకుంది.

మూలమంచం పెద్దమ్మ పాలసీ మారలేదు. ఆవిడది వేరే కంపెనీ. ఆ వయసులో, ఆ జబ్బుతో, కొత్త పాలసీ ఎవరిస్తారు? రాత్రి ఉండాల్సిందే. పడవలన్నీ వెళ్లిపోయిన నీళ్ల మీద ఒక్కరే.

తర్వాతి విడత మందు ఎక్కించడం అయ్యాక బాబాయి ఆటో పిలిచి గేటు దగ్గర నిలబడ్డాడు. పిన్ని రాలేదు. పైకెళ్లి చూస్తే, మూలమంచం పక్కన, రోగి తాలూకు మనిషికి వేసే సన్నబల్ల మీద దిండేసుకుని ఉంది. "వద్దన్నప్పుడేమో ఇల్లిల్లని ప్రాణం తీశావు, పొమ్మంటే పోవు, నీదేం బుద్ధే!" అన్నాడు బాబాయి. పిన్ని ఒక్కటే అంది. "ఒక్క రెక్క కర్టెన్ ఎవరైనా కుడతారా? రెండో రెక్క ఉంటేనే కదా కిటికీ నిండేది."

ఇల్లు, ఇల్లని తపించిన మనిషి! తనకు మిగిలిన సాయంత్రాలు తక్కువని తెలియదా? తెలుసు. తెలిసే, వాటిలో కొన్నిటిని ఆ బల్ల మీద పరిచింది.

పెద్దమ్మ ఇక్కడే ఉన్నారు, చివరి కిటికీ పక్కన. నన్ను కళ్లతోనే తిడుతున్నారు, తిట్టనివ్వండి. నిన్న నాతో అన్నారు, "ఇక నేను వెళ్లనే. ఆ బల్ల ఖాళీగా చూడలేను" అని. ఆవిడ తర్వాతి విడత రేపే. పాలసీలు మారాలని అడుగుదాం. గట్టిగా అడుగుదాం. కానీ రేపటికి మారవు. రేపటికి మనం మార్చగలిగింది ఆ ఖాళీ బల్ల ఒక్కటే. రేపు నేను వెళ్తున్నాను. ఆ పై విడతకు ఎవరు? దాని పై విడతకు?

ఇక అందరం లేచి నిలబడదాం. మౌనంగా ఉందాం. గడియారం చూడకండి. ఆ నీలం కర్టెన్లు ఉబ్బి, తగ్గి, మళ్లీ కిటికీకి ఆనుకునేదాకా.

పెద్దమ్మా, మీరు లేవకండి. కూర్చోండి. మేమే మీ పక్కకు వస్తాం.