రెండో తుమ్ము రాని అంకమ్మ

అంకమ్మని ఒకామె ఉండేదంట. మనిషి మంచిది, ఒళ్ళొంచి పనిచేసేది, నోరెత్తి ఒకర్ని ఒక మాట అన్నది కాదు. ఒకటే బాధ ఆమెకి. జొన్నచేలు పూతకొచ్చినయ్యంటే తుమ్ములు పట్టుకునేయి. ఊరి చుట్టూ జొన్నే గదా, నల్లరేగడి నేల. కంకి మీద పుప్పొడి లేస్తది చూడు, గాలి ఇట్టా ఒచ్చిందంటే చాలు, ముక్కు దురద, కళ్ళు చింతనిప్పులు, తుమ్ముతానే ఉండేదంట. పూత రాలి గింజ పాలుపోసుకుంటే మళ్ళీ మామూలు మనిషి. పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ ఈ బాధ తెలవదామెకి. వాళ్ళది మాగాణి ఊరు, జొన్నచేను మొహం ఎరగరు.

తుమ్మితే తుమ్మింది, దానికేం పోయిందంటారా? ఏమైందంటే, అత్తారిది బండ్లు తోలే ఇల్లు. మామ పాపయ్య, మొగుడు గోవిందు, ఇద్దరూ మిరపకాయ బస్తాలు ఏసుకొని సంతలకి పోతా ఉండేవాళ్ళు. బండి ఇల్లు కదిలిన కాడ్నించి పొలిమేర దాటేదాకా ఒంటితుమ్ము ఇనపడకూడదు గదా. జంటతుమ్మయితే శుభం, పోవచ్చు. ఒంటితుమ్మయితే మాత్రం ఎద్దుల్ని ఇప్పాల, కాళ్ళు కడుక్కోవాల, అరుగు మీద కూచొని మంచినీళ్ళు తాగాల, కాసేపు ఆగి అప్పుడు మళ్ళీ కట్టాల. నవ్వుతున్నారు మీరు. నవ్వండి. ఆమె కాపరానికొచ్చిన ఏడు గోవిందు కూడా నవ్వాడంట. పెళ్ళాం తుమ్మితే ఆగేదేంది అని తోలుకుపోయాడు. వాగు దిగేకాడ బండి తిరగబడి వలపటెద్దు కాలిరిగింది. ఆ ఎద్దుకి తన చేత్తో మేతేస్తే గానీ వాడు అన్నం తినేవాడు కాదు, అట్టాంటి ఎద్దు. ఆరోజు నించి ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు. అందరికంటే గట్టిగా నమ్మింది ఎవరనుకున్నారు? అంకమ్మే. నా ముక్కే ఆ ఎద్దుని కూలేసింది అని కుమిలిపోయిందంట.

ఇగ మందులు మొదలైనయ్యి. అత్త ఆదెమ్మ శొంఠి మిరియాలు దంచి కషాయం కాచింది. గొంతు మండింది గానీ తుమ్ము ఆగలా. పాలల్లో పసుపేసి తాపిచ్చింది, ఆగలా. వావిలాకు కాగబెట్టి దుప్పటి కప్పి ఆవిరి పట్టిచ్చింది. అది కాస్త పనిచేసేదంట, అబద్ధం ఎందుకు చెప్పాల, ముక్కు తెరుసుకొని ప్రాణం హాయిగా ఉండేది. మళ్ళీ చేల మీంచి గాలి తిరిగిందనుకో, మొదటికొచ్చేది. తేనెపట్లు కోసే చెంచయ్య ఏమన్నాడంటే, ఏ పువ్వు నిన్ను ఏడిపిస్తందో ఆ పువ్వు మీద వాలిన ఈగల తేనె తినాలమ్మా, పూత రాకముందు నించే రోజూ ఇంత నాకు, అని ముంతడు తెచ్చిచ్చాడు. నాకింది. తియ్యగా ఉంది. తుమ్మింది. ఆఖరికి ఏటవతల ఊళ్ళో వైద్యుడు పేరయ్యగారు నాడి చూసి, ఇది శ్లేష్మం, పథ్యం పట్టాల అన్నాడు. పెరుగు ఒద్దు, మజ్జిగ ఒద్దు, చింతపండు ఒద్దు, గోంగూర ఒద్దు, గుమ్మడికాయ ఒద్దు, దోసకాయ కంటితో చూడొద్దు. మరి ఏం తినాలయ్యా అంటే పాతబియ్యం అన్నం, మిరియాలచారు, కాల్చిన ఎల్లుల్లిపాయ. మన పక్క మనిషికి గోంగూరా పెరుగూ తీసేస్తే కంచంలో ఇంకేం మిగిల్తది చెప్పండి? అయినా నోరు కట్టేసుకుంది మహాతల్లి. చిక్కి సగమైపోయింది. తుమ్ము మాత్రం చిక్కలా.

ఆమెకో కూతురు, ముత్యాలు. మాటలొచ్చి ఎన్నాళ్ళో కాలేదు, ఇల్లంతా దానిదే పెత్తనం. అమ్మ తినట్లేదని దానికి దిగులు. ఒక సాయంత్రం ఏమైందంటే, తన పెరుగన్నం గిన్నె పట్టుకొచ్చి అంకమ్మ ఒళ్ళో కూచుంది. నువ్వు తినకపోతే నేనూ తినను పో, అని ముద్ద చేసి నోటికాడ పెట్టింది. ఆ చిన్న ఏళ్ళ సందుల్లోంచి పెరుగు కారిపోతా ఉంది. తల్లి గదా, నోరు తెరిసింది. ఆదెమ్మ చూసింది.

ఆ ఎనకే పిల్లకి జొరమొచ్చింది. తెల్లారేసరికి డొక్కలెగరేస్తా ఉంది, ఊపిరి తీస్తంటే పిల్లికూతలు. పేరయ్యగారి దగ్గరికి తీసకపోవాల. గోవిందు బండి కట్టాడు. అంకమ్మ ఆవిరి పట్టింది, కషాయం పోసుకుంది, తేనె నాకింది, ముక్కుకి తడిగుడ్డ చుట్టుకుంది. ఎవరేం చెప్పారో అన్నీ చేసింది పాపం. ఈ ఒక్కపూట ఆగవే తల్లీ అని తన ముక్కుకే దణ్ణం పెట్టుకుందంట. పిల్లని ఒళ్ళో ఏసుకొని బండెక్కింది. గోవిందు ఎద్దుల్ని అదిలించాడు. తుమ్మింది. ఒకటే.

గోవిందు పగ్గం పట్టుకొని ఎనక్కి చూశాడు. పాపయ్య అరుగు మీంచి లేచాడు. అప్పుడు ఆగమన్నది ఎవరనుకున్నారు? అంకమ్మే. ఆగయ్యా, ఆరోజు ఎద్దు పడింది, ఈరోజు నా బిడ్డకేమన్నా అయితే ఎట్టా, అన్నదంట. ఇంకొక్క తుమ్మొస్తే జంటవుద్ది, పోవచ్చు. పొద్దస్తమానం తుమ్మే మనిషి, ఆ ఒక్క తుమ్ము కోసం బండిలో గడ్డిపరక పీకి ముక్కులో పెట్టుకుంది. రాలా. మొహం పైకెత్తి ఎండలోకి చూసింది. రాలా. మామా నీ ముక్కుపొడుం కాయ ఇటియ్యి అని అడిగి పీల్చింది. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారినయ్యి, తుమ్ము రాలా. అన్నాళ్ళు పనిచెయ్యని మందులన్నీ ఆ పూటే పనిచేసినయ్యో ఏమో, ఎవరికి తెలుసు? ఇగ ఎద్దుల్ని ఇప్పారు. కాళ్ళు కడుక్కున్నారు. అరుగు మీద కూచున్నారు. పిల్ల మూలగతా ఉంది, వీళ్ళు మంచినీళ్ళు తాగతా ఉన్నారు. మళ్ళీ కట్టారు. ఊరి చివర జొన్నచేల కాడికి పోయేసరికి మళ్ళీ తుమ్మింది. మళ్ళీ ఒకటే. మళ్ళీ ఎనక్కి తిప్పుకొచ్చారు.

పొద్దు నెత్తి మీదికొచ్చింది. ఇగ అంకమ్మ ఏం చేసిందంటే, బండి దిగేసింది. నేను రాను, నేను లేకపోతే తుమ్ముండదు, అత్తా నువ్వెక్కు, అన్నది. ముత్యాలు పైటచెంగు పట్టుకొని ఒదల్లేదంట. ఒక్కొక్క ఏలూ తనే ఇప్పదీసింది. అమ్మ ఎనకే ఒస్తదిలే అని అబద్ధం ఆడింది. బండి మలుపు తిరిగిందో లేదో తుమ్ములు ముంచుకొచ్చినయ్యి. ఎట్టా ఒచ్చినయ్యో తెలుసా, జంటలు జంటలుగా.

దారి పొడుగునా పిల్ల అమ్మేదీ, అమ్మేదీ అని అడుగుతానే ఉందంట. ఏటికాడికొచ్చేసరికి అడగటం మానేసింది. పేరయ్యగారు చెయ్యి పట్టుకొని చూసి, పొద్దున్నే తెచ్చుంటే ఏమన్నా చేసేవాణ్ణి గదరా అన్నాడు. సందెకాడ బండి తిరిగొచ్చింది. ఆదెమ్మ పిల్లని దుప్పట్లో చుట్టుకొని దిగి, ఏడుస్తా, పెరుగు తిన్నావు గదే, ఆ ముద్ద తినకుండా ఉంటే ఈ తుమ్మొచ్చేదా, అన్నది. ఏడుపులో ఒచ్చిన మాట, ఆమెకి మాత్రం మనవరాలు కాదా? కానీ అంకమ్మ దాన్ని నమ్మింది. బండి ఆపబట్టి పిల్ల పోయిందని ఆమెకి తోచలేదు, ఆ ముద్ద తినబట్టి పోయిందనుకుంది. బిడ్డ చేత్తో పెట్టిన ముద్దే బిడ్డని మింగిందని నమ్మితే ఏ తల్లి బతకతది? బతికింది. అదీ ఘోరం.

మళ్ళేడు జొన్న మళ్ళీ పూతకొచ్చింది. దానికేం తెలుసు, కాలమొస్తే పూస్తది. అంకమ్మ వసారాలో కూచొని తుమ్ముతా ఉంటే ఆదెమ్మ శొంఠి మిరియాలు కాచి తెచ్చి, తాగవే అమ్మాయ్, కాస్త తెరిపిగా ఉంటది, అన్నదంట. అంకమ్మ గిన్నె అందుకొని పక్కన పెట్టి, ఎందుకత్తా, ఇంక ఈ ఇంట్లోంచి తొందరగా పోవాల్సినోళ్ళు ఎవరున్నారు, అన్నది.

ఇంతే కథ. కషాయం మంచిదే, ఒద్దనను, చలికాలం నేనూ తాగతా. ఆవిరి పట్టుకోండి, పథ్యం చేసుకోండి. బిడ్డకి జబ్బు చేస్తే మాత్రం బండి ఆపబాకండి. అంతగా ఆపి కూచోవాలనుంటే, నన్ను కాటికి మోసకపోయేటప్పుడు ఆపి కూచోండి. నాకేం తొందర లేదు.