ఆమెవైపు గాలి

పాత కారు డాష్‌బోర్డు కింద తల దూర్చి భర్త పని చేస్తున్నాడు. భార్య టార్చి పట్టుకుంది.

"నిన్న నీ సీట్లో కూర్చుంటే కుంపటి ముందున్నట్టుంది. నీవైపు చల్లగాలి వదిలే చిన్న తలుపుని తిప్పే మోటారు పళ్ళు అరిగిపోయాయి. రెండు వేసవులు ఒక్క మాటైనా అనలేదేం?"

"అంటే కారు అమ్మేస్తారుగా. పిల్ల పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న కారండీ!"

"అమ్మనులే. కొత్త మోటారు ఎక్కడా దొరకలేదు. నావైపుది విప్పి నీవైపు బిగించాను. ఏసీ వేశా, చెయ్యి పెట్టి చూడు."

"అబ్బ, ఎంత చల్లగా ఉందో! మరి మీకో?"

"అద్దం దించుకుంటా."

"దించితే నా చల్లగాలంతా బయటికి పోదూ? గాలి వచ్చే ఈ రెక్కలు కాస్త మీవైపు తిప్పుతాను, ఉండండి."

"ఓసి నీ తెలివి! మరి రెండేళ్ళుగా నావైపు రెక్కలు నీవైపు తిప్పుకోవచ్చుగా?"

"తిప్పితే మీకు తెలిసిపోదూ?"